ఎవరూ ఆపని గ్లాసు

దుకాణంలో అందరూ అతన్ని ఒక్కకోత మాస్టరు అనేవారు. సుద్దగీత మీద కత్తెర పెట్టాడంటే అవతలి అంచు దాకా ఎత్తేవాడు కాదు. కటింగ్ బల్ల అతనిది. మిగతావాళ్లు గోడవారగా మిషన్ల ముందు. వాళ్లలో ఒకడు అతని అల్లుడు. పని నేర్పి, పిల్లనిచ్చి, పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఆ అల్లుడి చేతులు మిషను మీద, కళ్లు కటింగ్ బల్ల మీద.

ఆకలి గురించి నేను చాలా పుస్తకాలు చదివాను. ఊళ్లు పట్టుకు తిరిగిన రోజుల్లో పుస్తకం లేకుండానూ కొంత చదువుకున్నాను. అయినా దర్జీల రంజాను నెల లాంటిది మరోటి చూడలేదు. ఊరంతా నెమ్మదించే నెలలో వాళ్లకు ఊపిరి సలపదు. పండక్కి అందరికీ కొత్తబట్టలు కావాలి మరి. తెల్లవారకముందు తిన్నదే తిండి, మళ్లీ పొద్దుగూకాకే. మధ్యలో మంచినీళ్లయినా ముట్టరు. దారం కొస తడపడానికి నోట్లో తడి ఉండదు. మాటలకు మాత్రం కరువు లేదు.

"ఏరా, కాజాలు కుడుతున్నావా, కలలో భోంచేస్తున్నావా?" అని మాస్టరు కేకేస్తే, "వడ్డించింది నువ్వే కదా మాస్టరూ, ఉప్పు తక్కువైంది!" అనేవాడు కాజాలవాడు.

రోజా, అంటే ఉపవాసం, సంగతి మరిచి ఎవరైనా నీళ్లు తాగితే ఆ ఉపవాసం చెడదు. గుర్తురాగానే ఆపేస్తే చాలు. తాగింది దేవుడు పోసిన గుక్క. చూసినవాళ్లకూ ఒక పద్ధతి ఉంది. తాగేవాడు గట్టివాడైతే గుర్తుచేయాలి. ముసలివాడో, నీరసించినవాడో అయితే చూడనట్టు ఊరుకోవచ్చు. ఇంత మెత్తని మాట ఏ శాస్త్రంలోనూ తగల్లేదు నాకు. అది ఎంత లోతుగా కోస్తుందో ఆ దుకాణంలోనే తెలిసింది.

పెళ్లికి ముందు అల్లుడు ఒకసారి మరిచిపోయి గ్లాసెత్తితే, "ఒరేయ్, రోజారా!" అని మాస్టరు అరిచిన అరుపుకు గ్లాసు జారి వాడి చొక్కా తడిసిపోయింది. అంతకు చాలాముందు, తనకు పని నేర్పిన ముసలి గురువు నీళ్లు తాగుతుంటే, ఇదే మాస్టరు పెదవుల మీద వేలు పెట్టి అందరినీ ఊరుకోబెట్టాడు. ఆ పండగ దాటాక గురువుగారి బల్ల మాస్టరుకు వచ్చింది, గుండీలు కుట్టే పని గురువుగారికి మిగిలింది.

ఈసారి నెల సగమైంది. మిట్టమధ్యాహ్నం, బల్ల మీద పండగ బట్ట పరిచి ఉంది. బేరానికి వచ్చేవాళ్ల కోసం పెట్టిన కూజా వైపు మాస్టరు చెయ్యి దానంతటదే పోయింది. గ్లాసులోకి వంపుకుని సగం తాగాక గుర్తొచ్చింది. నోట్లో ఉన్నది ఊసేసి వెనక్కి తిరిగాడు. మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. అల్లుడి వేలు ఇంకా పెదవుల మీదే ఉంది.

"నన్నెందుకు ఆపలేదురా?"

"మర్చిపోయి తాగితే తప్పు లేదు కదా మామా."

"అది నాకు నువ్వు చెప్పాలా? నిన్ను నేను ఆపలేదూ?"

"అప్పుడు నేను కుర్రాణ్ణి మామా. మీరు... మీరు పెద్దవాళ్లు."

సాయంత్రం పొద్దుగూకగానే మొదటి ఖర్జూరం అల్లుడే అందించాడు, మెత్తటిది ఏరి మరీ. మాస్టరు దాన్ని పక్కనపెట్టి, గట్టిదాన్ని తీసుకుని నమిలాడు.

మర్నాడు అదే వేళకు మాస్టరు కూజా దగ్గరికి నడిచాడు. ఈసారి మరిచిపోయి కాదు. గ్లాసు నిండా వంపాడు. అందరికీ కనపడేలా పక్కకు తిరిగి, పెదవులకు ఆనించి, అలాగే నిలబడ్డాడు. నీళ్లు నోట్లోకి పోలేదు. రెండు చుక్కలు గడ్డం మీదుగా జారాయి. ఒక్క కేక వస్తే చాలు, ఒక్కడు "రోజా!" అంటే చాలు.

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. కాజాలవాడు సూదిలో ఉన్న దారాన్నే మళ్లీ ఎక్కిస్తున్నాడు. అల్లుడు తల వంచుకున్నాడు, జాలితోనో, బల్ల కోసం తొందరతోనో.

మాస్టరు నిండు గ్లాసును తిరిగి కూజాలో వంపేశాడు. కత్తెర తెచ్చి అల్లుడి మిషను మీద పెట్టి, "గుండీలు ఎక్కడున్నాయి?" అని అడిగాడు.

ఎవరూ ఆయన్ని అప్పుడూ ఆపలేదు.