తిప్పి చూసే మూలమట్టం

టేకు మాడిన వాసన వస్తే చాలు, ఏ పనిలో ఉన్నా మెషీన్ ఆపేస్తాను. ఇవాళ పొద్దున కూడా అంతే. చెక్కే బిట్టు మొద్దుబారింది, ఇంకేమీ లేదు. అయినా నా చెయ్యి ముందు మూలలు సరిచూసే మూలమట్టం మీదికే వెళ్ళింది. తెనాలిలోని మా తలుపుల షాపులో పనివాళ్ళు "అక్కగారికి అనుమానం మొదలైంది" అని నవ్వుకున్నారు. ఆ అనుమానం నా సొంతం కాదు, సుబ్బారావు మాస్టారు అంటించిపోయిన జబ్బు.

సెల్‌ఫోన్లు ఇంకా ముచ్చటగా ఉన్న రోజులవి. నాన్నకు చేతులు వణకడం మొదలై ఉలి నిలవడం లేదు. చెక్కడానికి కంప్యూటరు నడిపే మెషీన్ నేనే తయారుచేస్తానని, బాపట్లలో చదివిన ఇంజనీరింగు ధైర్యంతో మాటిచ్చాను. అది నమ్మి ఆయన కొల్లూరులో ఒకరి కొత్త ఇంటికి సింహద్వారం ఒప్పుకున్నాడు. మెషీన్ వంకరగా చెక్కిందంటే షాపు మూసుకోవడమే. భయం వేసి, కాలేజీలో మాకు వర్క్‌షాపు నేర్పి రిటైరైన సుబ్బారావు మాస్టారిని బతిమాలాను. ఆయన రేపల్లె నుంచి పాసింజరు బండిలో వచ్చేవారు.

మాస్టారికి దేనిమీదా నమ్మకం లేదు. మా అమ్మ ఇచ్చిన కాఫీని కూడా వాసన చూసి గానీ తాగేవారు కాదు. మొదటిరోజే నేను బిగించిన ఫ్రేమును చూపుడు వేలితో తట్టి, "ఈ మూల సరిగ్గా ఉందని ఎవరు చెప్పారమ్మా?" అన్నారు.

"మూలమట్టం పెట్టి చూశానండి."

"సరే, మూలమట్టం సరిగ్గా ఉందని ఎవరు చెప్పారు?"

నేను వాడింది నాన్నదే. మాస్టారు దాన్ని చెక్క అంచుకు ఆనించి ఒక గీత గీశారు. దాన్ని బోర్లా తిప్పి, అదే చోటు నుంచి ఇంకో గీత గీశారు. రెండు గీతలూ పోనుపోను విడిపోయాయి, అంటే వంకర మూలమట్టంలోనే ఉంది. నాన్న ముఖం మాడిపోయింది.

"నా పెళ్ళికి ముందు నుంచి వాడుతున్నానండి దాన్ని," అన్నాడు.

"అందుకే అరిగిందండి," అన్నారు మాస్టారు, ఏమాత్రం మొహమాటం లేకుండా.

మోటారును ఫ్రేముకు పట్టి ఉంచే బ్రాకెట్ మాస్టారే గీసిచ్చారు. రెండు పలకలు మూలగా కలిసేది. అది ఏమాత్రం వంగినా మోటారు ఇరుసు, దాని చివర తిరిగే పొడవాటి స్క్రూ ఒకే వరసలో ఉండవు, చెక్కిన పువ్వు సొట్టపోతుంది. అలాంటి బ్రాకెట్ మొదటిది తయారై వచ్చీ రాగానే, మోటారుతో సహా ఆయన సంచిలో వేసుకుని రేపల్లె పట్టుకుపోయారు. ఎందుకో చెప్పలేదు. తరవాత రావడం మానేశారు.

"రేపల్లెలో కూడా ఎవరో ఇట్టాంటి మెషీనే కడుతున్నారంట," అన్నాడు నాన్న. "నీకేమీ అనిపించట్లా?"

అనిపించింది. మా బ్రాకెట్ వాళ్ళకి ఇచ్చేశారేమోనని బాగా అనిపించింది. బండెక్కాను. దారి పొడుగునా ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

మాస్టారి వరండాలో మా బ్రాకెట్ దూలానికి బిగించి ఉంది. దానికి తగిలించిన మోటారుకు, బరువు కోసం రెండు ఇటుకలు వేలాడుతున్నాయి. ఆయన మూలమట్టం ఆనించి, "రా, చూడు," అన్నారు. పలకకూ దానికీ మధ్య సన్నగా వెలుతురు కనిపించింది; బరువుకు బ్రాకెట్ మూల వంగింది.

"మూలలో ముక్కోణపు దన్ను ఇవ్వడం మరిచాను. గీసింది నేను కదా, అందుకే నమ్మబుద్ధి కాలేదు." నన్ను ఎగాదిగా చూశారు. "అది సరే, నువ్వు చెప్పాపెట్టకుండా వచ్చావేంటి?"

అబద్ధం ఆడలేకపోయాను. "మీ మీద అనుమానంతోనండి."

ఆయన అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. "అమ్మయ్య! ఇన్నాళ్ళకు పని వచ్చింది నీకు," అని లోపలికి కేకేసి నాకు కాఫీ తెప్పించారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

దన్ను వేసిన బ్రాకెట్లతో మెషీన్ తిరిగింది. సింహద్వారం మీది పద్మాన్ని నాన్న వణికే వేళ్ళతో అంచు అంచూ తడిమి, మాస్టారికి తనే కాఫీ తెచ్చి ఇచ్చాడు. ఆయన వాసన చూడకుండా తాగేశారు.

వెళ్ళేటప్పుడు మాస్టారు తన మూలమట్టం నా చేతిలో పెట్టారు. ఆయన పోయి చాలా కాలమైంది. రోజూ షాపు తెరవగానే దాంతో ఒక గీత గీసి, బోర్లా తిప్పి ఇంకో గీత గీస్తాను. ఇంతవరకు రెండూ ఒకదాని మీద ఒకటే పడ్డాయి. అయినా రేపు మళ్ళీ తిప్పి చూస్తాను. చూడకపోతే ఆయన ఊరుకోరు.