చాచాకి చెప్పిన రుచులు

మొన్న ఖతర్‌లోని అల్ తుమామాలో మా హోటల్ వంటగదిలో పొగ లాగే ఫ్యాను ఉన్నట్టుండి ఆగిపోయింది. పొద్దంతా దాని హోరులోనే బతికే మాకు ఆ నిశ్శబ్దం వింతగా తోచింది. అప్పుడు వినబడింది మూకుడులో నూనె చప్పుడు. లోపల కూర పెట్టి మడిచి వేసిన మక్కజొన్న రొట్టెలు ముందు గలగలమన్నాయి, తర్వాత చిటపటమన్నాయి, చివరికి గుసగుసలాడినట్టు సన్నబడ్డాయి. ఆ గుసగుస దగ్గర నా చెయ్యి దానంతట అదే జల్లిగరిటె మీదికి పోయింది. తీసి చూస్తే సరిగ్గా వేగి ఉన్నాయి. ఖాజా చాచా గుర్తొచ్చాడు. పొగ కళ్ళల్లో పడిందని చెప్పి కాసేపు బయటికి వెళ్ళి నిలబడ్డాను.

చాచాది కోరుట్ల, నాది ఆ పక్కనే ఒక పల్లె. ఖతర్‌లో ఎటు చూసినా గ్యాస్ ప్లాంట్ల పనులు నడుస్తున్న రోజులవి. మా ఇంట్లోవాళ్ళు మాత్రం నేను దుబాయ్‌లో ఉన్నాననే ఊరందరికీ చెప్పుకునేవారు. మదీనత్ అల్ షమాల్ ఊరు దాటాక ఉన్న ఒక క్యాంప్ మెస్‌లో ఆయన పెద్ద వంటమనిషి, నేను ఉల్లిగడ్డలు తరిగేవాణ్ణి. అంతకుముందు ఆయన సముద్రం మీది చమురు రిగ్గులో ఒక మెక్సికో వంటాయన కింద పనిచేసి, మక్క రొట్టెలో కూర పెట్టి మడిచే ఆ దేశపు టాకోలు నేర్చుకుని వచ్చాడు. మా క్యాంప్‌లో డ్రిల్లింగ్ పనికి వచ్చిన మెక్సికో వాళ్ళు కొందరు ఉండేవారు. గురువారం వాళ్ళ కోసం అవి చేసేవాడు. మక్క రొట్టె తినడానికి ఇంత దూరం రావాలా అని మొదటిరోజు నేను నవ్వాను. ఆయనా నవ్వి, రొట్టెను పెనం మీద వెచ్చచేయకుండా మడిస్తే ఎలా పగులుతుందో చూపించాడు. ఆ దేశంలో ఒక్కో దిక్కు ఒక్కో రుచి అనేవాడు. నానబెట్టి నూరిన ఎండుమిర్చితో ఆలుగడ్డ పెడితే "ఇది ఆళ్ల కరీంనగర్." అల్ రువైస్ రేవు నుంచి తెచ్చిన చేపను టమాటాతో ఉడికించి పెడితే "ఇది ఆళ్ల బందరు." నారింజ పులుపులో నానిన కోడికూర పెడితే "ఇది ఆళ్ల ఆదిలాబాద్, అడివి దిక్కు." ఒకసారి ఒక పెద్ద మీసాలాయన చేపది తిని, వంటగదిలోకి వచ్చి, మా సముద్రం ఒడ్డువాడు ఇక్కడెవడున్నాడని అడిగాడు. నాది కోరుట్ల అని చాచా గర్వంగా చెప్పుకున్నాడు.

ఒక చలికాలం ఆయనకు గట్టి జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నేను బయట బియ్యం బస్తాలు దించుతుంటే మాడు వాసన గుప్పుమంది. లోపలికి పరిగెత్తాను. చిక్కుడు గింజల దేగిసా అడుగంటి పొగ లేస్తోంది. చాచా దాని పక్కనే నిలబడి నింపాదిగా కొత్తిమీర తుంచుతున్నాడు. నేను పొయ్యి ఆపాక నా ముఖం చూసి, చెయ్యి పట్టుకుని స్టోర్ రూమ్‌లోకి తీసుకుపోయాడు.

"జరమొచ్చినంక ముక్కు పోయిందిరా మల్లేశు. ఉప్పు, పులుపు తెలుస్తయి, కారం మండుతది. కడమదంత మన్ను తిన్నట్టే ఉన్నది. కంపెనోనికి తెలిస్తే యల్లా అని ఇంటికి పంపుతడు. ఈ పని దప్ప నాకు వేరే పని రాదు బేటా."

ఆ రోజు నుంచి ఆయనకు ముక్కూ నాలుకా నేనే. వండిన ప్రతిదీ ముందు నా నోట్లో పడేది. మొదట్లో అన్నిటికీ బాగుంది బాగుంది అంటుండేవాణ్ణి. ఆయన కోపంగా గరిటె కింద పెట్టాడు. "బాగుందనకు. ఎట్లుందో చెప్పు" అన్నాడు. నాకు మాటలు దొరికేవి కావు. ఆయన ఒక్కొక్కటీ అడిగి రాబట్టేవాడు. వగరుందా, చిరుచేదుందా, జీలకర్ర వేగిందా మాడిందా, నూనె పాతబడ్డ వాసనొస్తున్నదా? అలా నాకు తినడం నేర్పాడు. వేగిందో లేదో తెలుసుకోవడానికి మాత్రం నేను అక్కర్లేదు. ఫ్యాను కాసేపు ఆపించి, మూకుడుకు వీపు పెట్టి నిలబడి, నూనె చప్పుడు సన్నబడగానే "తియ్" అనేవాడు. ఎప్పుడూ తప్పలేదు.

మా అన్న పెళ్ళికి నేను సెలవు మీద ఇంటికి వెళ్ళాను. నువ్వు పో, నేను సంభాళించుకుంటా అని ఆయనే పంపాడు. నేను లేనప్పుడు ఒక గురువారం చేప టాకోలు చేశాడు. పళ్ళెం వడ్డనకు తీసుకుపోతుంటే గిన్నెలు కడిగే అతను ముక్కు మూసుకోవడం కనబడింది. చేప చెడిపోయిందని చాచాకు అర్థమైంది. చేపంతా చెత్తడబ్బాలో పోసి, నేరుగా మేనేజర్ గదికి వెళ్ళి తనకు ముక్కు పనిచేయడం లేదని తానే చెప్పేశాడు. నేను తిరిగొచ్చేసరికి పెట్టె సర్దుకుంటున్నాడు. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎందుకు చెప్పావు, నేను వచ్చేదాకా ఆగలేకపోయావా అని అడిగాను.

"ఆ చేప ఆళ్ల కడుపులల్లకు పోతుండె. ఒక్కడు సచ్చిపోయినా నేనేం మొఖం పెట్టుకుని బతకాలె?" అన్నాడు.

వెళ్ళే రోజు ఆయనకు నేనే ఆలుగడ్డ టాకోలు వేయించి పెట్టాను. ఒకటి కొరికి, కళ్ళు మూసుకుని "చెప్పు" అన్నాడు. ఆలుగడ్డ వెన్నలెక్క ఉందని, మిర్చి ముందు తియ్యగా తగిలి ఆ తర్వాత మండుతోందని, రొట్టె అంచు నిప్పుల మీద కాల్చిన మక్కకంకి వాసనొస్తోందని చెప్పాను. నెమ్మదిగా నమిలాడు. "ఆఁ, ఇప్పుడు తెలుస్తున్నది" అన్నాడు. అదే ఆయనకు నేను చేతితో పెట్టిన ఆఖరి ముద్ద.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవాణ్ణి. ఏం వండినవ్, ఎట్లుందని అడిగేవాడు. ఆయన భార్య, మా చాచీ, పక్కన కూర్చుని అంతా వినేది. ఇంట్లో పూరీలు వేయిస్తుంటే ఈయన అరుగు మీద నుంచే తియ్ తియ్ అంటాడని నవ్వుతూ ఫిర్యాదు చేసేది. ఒక శుక్రవారం ఫోన్ ఆమే ఎత్తింది. రెండు రోజుల క్రితం నిద్రలోనే పోయాడని చెప్పింది. తర్వాత ఆమే అడిగింది, ఇయ్యాల ఏం చేసినవ్ బేటా అని. టాకోలన్నాను. ఎట్లున్నయంది. బాగున్నాయన్నాను.

"బాగున్నయనకు. ఎట్లున్నయో చెప్పు. నువ్వు చెప్పిన మాటలు చెప్పుకుంటనే ఆయనకు అన్నం తినిపించిన" అంది.

ఆగి ఆగి చెప్పాను. అప్పటినుంచి ప్రతి శుక్రవారం ఆమెకే చెబుతున్నాను. మొన్న ఫ్యాను ఆగిన సంగతి కూడా చెప్పాను. ఆ చప్పుడు జర వినిపియ్యమంది. ఫ్యాను ఆపించి, రొట్టెలు నూనెలో వేసి, ఫోన్‌ను మూకుడు దగ్గరగా పట్టుకున్నాను. నూనె గలగలమంది, చిటపటమంది, సన్నబడింది.

"తియ్ బేటా" అంది చాచీ.