దూదికి చప్పిడి పథ్యం

గుంటూరు జిల్లాలో ఒక కుక్కకూ, మిరప పండించే ఇంట్లో పుట్టి మిరప పండించే ఇంటికే కోడలుగా వచ్చిన మా అమ్మకూ ఒకేసారి కారం మాన్పించిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. ఈ మాట పోయిన ఆదివారం మా పైవాటాలో అద్దెకున్న అమ్మాయితో మీసం దువ్వుకుంటూ మరీ చెప్పాను. ఆ పిల్ల పిడికెడంత కుక్కపిల్లను తువ్వాలులో చుట్టుకుని మెట్లు దిగి వచ్చి, దానికి పొద్దుటినుంచీ విరేచనాలనీ, ఏం పెట్టాలో తెలియడం లేదనీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. డాక్టరు దగ్గరికి పంపించాననుకోండి, కానీ ఆటో వచ్చేలోపలే మా దూది కథ ఎత్తుకుని, పశువుల డాక్టరు చేతులెత్తేసిన ప్రాణిని నా తెలివితో బతికించినట్టు చెప్పేశాను. డాక్టరు చేతులెత్తెయ్యలేదు. నా తెలివి సంగతి ముందు ముందు మీకే తెలుస్తుంది. నా ఈడువాళ్ళ దగ్గర దాపరికం దేనికి, జరిగింది జరిగినట్టు చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తరోజులు. అప్పటికి మా నాన్న పోయి ఏడాది తిరగలేదు. ఆయన తిన్నాక తినడం కాపురానికొచ్చిన నాటినుంచీ అలవాటైన మా అమ్మ, ఇప్పుడు ఎవరు తిన్నాక తినాలో తోచక, కంచం ముందు కూర్చుని అన్నం కెలికి, నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని లేచిపోయేది. మనిషి కళ్ళముందే చిక్కిపోతున్నా నేనూ మా ఆవిడా ఏం చెయ్యాలో తెలియక మొహమొహాలు చూసుకునేవాళ్ళం. అలాంటి రోజుల్లో చీరాలలో చీరల వ్యాపారం చేసే మా బావమరిది, చీరల అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, అందులో ఒక తెల్లటి పొమేరియన్ పిల్లను పెట్టి బస్సులో తెచ్చి మా వసారాలో దించాడు. మిరప కల్లాల దగ్గర కాపలా పడుకునే బండ కుక్కల్ని తప్ప వేరే జాతిని చూడని ఊరు మాది. అమ్మ కళ్ళద్దాలు సవరించుకుని, "ఏరా, ఇది కుక్కా, దూదిపింజా?" అంది. ఆ మాటే దానికి పేరైపోయింది.

దూది వచ్చిన రోజునుంచీ అమ్మ కంచం పక్కనే దాని పీఠం. మా వైపు భోజనానికి కూర్చుంటే మొదటి ముద్ద ఏమిటో మీకు నేను చెప్పక్కరలేదు: పొగలు కక్కే అన్నంలో కొత్తకారం, దానిమీద చారెడు నెయ్యి. ఆ మొదటి ముద్ద దూదికి, రెండో ముద్ద తనకు. అది తుమ్మి, ముక్కు రుద్దుకుని, గిన్నెడు నీళ్ళు తాగి మళ్ళీ వచ్చి నోరు తెరిచేది. అది తెరిచినప్పుడల్లా అమ్మా తినేది. అమ్మ తింటోందన్న సంతోషంలో, ఆ కుక్కపిల్ల కడుపులోకి ఏం వెళుతోందని మాలో ఒక్కరికీ తట్టలేదు. పైపెచ్చు ఇంటికి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, మా దూది కారం తింటుంది చూడండని చూపించి మురిసిపోయేవాణ్ణి. కారం తినని ప్రాణి మా ఇంట్లో ఉందంటే మాకు నామోషీ మరి.

మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో దానికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. తెల్లటి బొచ్చు తడిసి ముద్దై, మంచం కిందకు దూరి, పిలిస్తే తోక కూడా కదపడం మానేసింది. అమ్మ ఆ పూట కంచం దగ్గరికే రాలేదు. స్కూటరు తీసి అమ్మను వెనక ఎక్కించుకుని, దూదిని ఆమె పైటలో పెట్టించి మండలం ఊళ్ళో పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడంతా గేదెలూ ఎడ్లూ. ఈ గుప్పెడు దూదిని చూసి ఒకాయన, "ఏం బాబాయ్, పూటకెన్ని లీటర్లిస్తుందేం?" అని అడిగాడు. ఇంకెప్పుడైనా అయితే నేనూ దీటుగా ఒకటి అనేవాణ్ణే గానీ, అమ్మ మొహం చూసి ఊరుకున్నాను.

డాక్టరు దాన్ని బల్లమీద పడుకోబెట్టి, "ఏం పెడుతున్నారమ్మా?" అన్నాడు.

"మేం తినేదే బాబూ."

"కారమా?"

"కారమెక్కడ బాబూ, ఏదో రంగుకి! పైన నెయ్యి వేస్తాగా, చలవ చేస్తుంది."

ఆయన దాని మూతి చుట్టూ ఎర్రబడ్డ బొచ్చును ఒకసారి చూశాడు, అమ్మ వేళ్ళను ఒకసారి చూశాడు. ఇంజెక్షను చేసి, సెలైను ఎక్కించాడు. మెత్తగా ఉడికించిన అన్నంలో కాస్త పెరుగు, అది కూడా కొంచెం కొంచెంగా పెట్టమన్నాడు. ఉప్పు, కారం, నెయ్యి ఏదీ తగలకూడదన్నాడు. పెద్ద కుక్కలైతే ఒక పూట పస్తున్నా ఓర్చుకుంటాయి గానీ ఇంత చిన్నప్రాణి ఓర్చుకోలేదనీ, మరునాటికైనా తినడం మొదలుపెట్టకపోతే నీరసానికే పోతుందనీ మెల్లగా చెప్పాడు.

ఇంటికొచ్చి చప్పిడి అన్నం పెడితే దూది వాసన చూసి మొహం తిప్పుకుంది. చేత్తో పెట్టినా అంతే. మరునాడు పొద్దున్నా ముట్టలేదు. లేవలేక లేవలేక లేచి, అమ్మ ఖాళీ కంచం దగ్గరికి పోయి దాని అంచుమీద గడ్డం ఆనించి పడుకుంది. "నా కంచంలోదే కావాలంటుందిరా," అంది అమ్మ.

ఇక్కడే నా తెలివంతా ఉపయోగించానని పైవాటా అమ్మాయితో చెప్పాను. అసలు జరిగింది ఇది: చేలో కూలీలు ఎదురు చూస్తున్నారు, ఆకాశం మబ్బు పట్టింది, కల్లంలో కాయ తడిస్తే ఏడాది కష్టం మట్టిపాలు. ఆ చిరాకులో, "అయితే నువ్వు కూడా ఆ చప్పిడే తిను!" అని అమ్మమీద ఒక్క అరుపు అరిచి, కండువా దులుపుకుని పొలం వెళ్ళిపోయాను. ఉపాయమూ లేదు, పాడూ లేదు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి అమ్మ నేలమీద కూర్చుని ఉంది. కంచంలో తెల్లటి అన్నం, ఎర్రటి చుక్క లేదు. కడుపులో మంటకు కారం తగ్గించమని గుంటూరు డాక్టరు చెబితే డాక్టర్నే మార్చమన్న మనిషి, ఒక చప్పిడి ముద్ద నోట్లో పెట్టుకుని, కషాయం మింగినట్టు మింగి, "అబ్బ, ఎంత బావుందే!" అని దూదికి వినబడేలా లొట్టలు వేస్తోంది. వంటింటి గుమ్మంలో మా ఆవిడ పైట నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. దూది మెడ చాచి, అమ్మ వేళ్ళు వాసన చూసి, ఒక మెతుకు నాకింది. తరవాత ఇంకొకటి. నేను చెప్పులైనా విప్పకుండా వాకిట్లో అలాగే నిలబడిపోయాను.

దూది బతికింది. ఆనాటినుంచీ వాళ్ళిద్దరిదీ ఒకే కంచం, ఒకే చప్పిడి. అమ్మకు ఆ రోజుల్లోనే భోజనమయ్యాక చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కునే కొత్త అలవాటు కూడా వచ్చింది, డాక్టరు చెప్పిన శుభ్రత కాబోలనుకున్నాను. నెల తిరిగేసరికి మనిషి కాస్త ఒళ్ళు చేసింది కూడా, అదంతా చప్పిడి తిండి మహిమేనని ఊరంతా చెప్పుకొచ్చాను. తరవాత చాలా ఏళ్ళకు అమ్మ పోయింది, ఆ వెనకే దూదీ పోయింది.

పైవాటా కుక్కపిల్ల ఇప్పుడు కులాసాగానే ఉంది. దాని కడుపుకు సరిపడే తిండి పొట్లాల్లో వస్తోంది, కొలిచి గిన్నెలో పోస్తారు. అది ఒక మూల తింటుంది, ఆ పిల్ల ఇంకో మూల ఫోను చూస్తూ తింటుంది. తప్పని నేననను, ప్రాణానికి అదే మంచిదేమో. కానీ పక్కనున్న ప్రాణి తినడం కోసం తన నాలుకను చంపుకుని పూటపూటా చప్పిడి తిన్న మనిషిని చూసిన కళ్ళు ఇవి. ఇప్పుడు ఎవరి కంచం వాళ్ళది, ఎవరి పథ్యం వాళ్ళది.

ఇంతవరకూ రాసి, ముగింపు బాగా కుదిరిందని మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తూ అంతా విని, తల ఎత్తకుండానే అంది:

"రాశారులెండి. అత్తయ్య చప్పిడి తిన్నది దూది ముందరే. అది కునుకు తియ్యగానే వంటింట్లోకి వచ్చి, నా పక్కన పీట వాల్చుకుని, గోంగూర పచ్చడేసుకుని మళ్ళీ తినేది. లేకపోతే ఒళ్ళెట్టా వచ్చిందనుకున్నారు? ఆ సబ్బు శుభ్రతకి కాదు, కుక్కకి వాసన తెలీకుండా! మీరూ, మీ కారం మాన్పించడమూ."