తొండూరు పార్వతమ్మ సీసా

ఆదినారాయణది ప్రొద్దుటూరు. తండ్రి నలభై ఇళ్ల బట్టలు ఉతికేవాడు. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు, నల్లజీడి రసంతో బట్ట అంచున. మూట ఎవరిదని ఎవరు చెప్పినా వినడు, అంచు తిప్పి చూస్తేగానీ ఇవ్వడు. కొడుకు ఎస్సెల్సీ చదివి, జమ్మలమడుగులో ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో సీసాలు కడగడానికి చేరి, స్లైడులకు రంగు వేయడం దాకా నేర్చాడు. అంచు తిప్పి చూసే జబ్బు మాత్రం పోలేదు.

అక్కడి పెద్ద డాక్టరు, తొండూరు పార్వతమ్మ అనే రోగి క్యాన్సర్ పుండులోంచి కణాలు తీసి, సీసాలో గులాబీరంగు పోషకద్రవం పోసి పెంచాడు. మనిషి పోయినా కణాలు పెరుగుతున్నాయని తెలిసి, భూస్వామి అయిన ఆమె కొడుకు పులివెందుల నుంచి మేళం తెచ్చాడు, గోడకు ఆమె పేరు చెక్కిన రాయి వేయించాడు, సీసాకు కుంకుమ పెట్టాడు. "మాయమ్మ యాడికీ పోలేదప్పా, ఈడనే ఉండాది" అన్నాడు. సైన్సు చదివిన పెద్దలంతా చెప్పులు విప్పి హారతి కళ్లకద్దుకున్నారు. ఆ సంబరంలో డాక్టరు పక్కనున్న ఎలుక కణాల సీసా కూడా తెరిచి, రెండింట్లోనూ ఒకే గాజుగొట్టం ముంచి అతిథులకు చూపించాడు.

ఆ గొట్టం ఆదినారాయణ కంటబడింది. రెండు నెలల తర్వాత పార్వతమ్మ సీసాలోంచి చుక్క తీసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాడు. మనిషి క్రోమోసోముల్లో చాలావాటికి మధ్యలో నొక్కినట్టు నడుము ఉంటుంది. వీటిలో చాలావాటికి లేదు. పక్క సీసాలోవీ అచ్చం ఇలాగే ఉన్నాయి. ఆ గొట్టంతో వచ్చిపడి వేగంగా పెరిగిన ఎలుక కణాలు ఆమెవాటికి చోటు లేకుండా ఎప్పుడో మింగేశాయి. మర్నాడే ఆ సీసా మద్రాసుకు పోవాలి. మనుషులకిచ్చే మందును దానిమీద పరీక్షిస్తారు.

"సార్, ఇది పార్వతమ్మ కాదు, ఎలుక."

డాక్టరు స్లైడు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత గోడమీది రాయిని చూపించాడు.

"రాయిమీద పేరుంటే సీసాలోది మారుతాదా సార్?"

"సీసాలు కడిగేది నువ్వే. బయటపడితే తప్పు ఎవరిదంటారో ఆలోచించుకో."

ఆదినారాయణ ఆలోచించుకున్నాడు. పొద్దున్నే రోజూలాగే సీసాలు ఉడకబెట్టాడు, అందులో ఆ సీసా కూడా వేశాడు. డాక్టరు పరుగున వచ్చాడు, ఉద్యోగం ఊడబీకుతానన్నాడు, ఎవర్ని చంపావో తెలుసా అన్నాడు.

"నాకు తెలుసు సార్. రిజిస్టర్లో మీరే రాయండి, ఎవురు చచ్చినారో."

డాక్టరు కలం తీసి, మూత విప్పి, మళ్లీ మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. కారణం రాయకుండా ఉద్యోగం తీసే దారి లేదు. మద్రాసుకు ఏ సీసా పోలేదు.

నెల తిరగకముందే తొండూరు నుంచి పార్వతమ్మ కొడుకు కొబ్బరికాయతో దిగాడు. డాక్టరు ఒక సీసాలో ఉత్త గులాబీరంగు నీళ్లు పోసి బల్లమీద పెట్టించాడు. హారతి ఘనంగా జరిగింది. కర్పూరం మసిపట్టిన ఆ సీసాను సాయంత్రం ఆదినారాయణే కడిగాడు.