శనివారం వచ్చే జ్వరం

మొదట తేడా తెలిసింది చాయ్ తాగుతున్నప్పుడు. నోట్లో ఇనుప ముక్క పెట్టుకున్నట్టు, తియ్యతియ్యగా ఏదో రుచి. గొంతు ఎండిపోయింది. డ్యూటీ దిగి రూముకొచ్చేసరికి వణుకు మొదలైంది. రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్ళు టకటక కొట్టుకున్నాయి. ఆరోజు శనివారం. సోమవారానికి ఏమీ లేనట్టే లేచి పనికి పోయాను.

గోను తుఫాను వచ్చిపోయిన ఏడాది చలికాలం అది. ఒమన్‌లోని సీబ్‌లో ఒక వర్క్‌షాపులో నేను వెల్డర్‌ని. ఇసుక దిబ్బల మీద నడిపే నాలుగు చక్రాల బైకులకు ఫ్రేములు గట్టి చేయడం మా పని. దిబ్బ మీంచి ఎగిరి పడితే ముందు చక్రాల దగ్గర ఫ్రేము పగులుతుంది. అక్కడ మూలలకు ఇనుప పట్టీలు వేసి, కింద అడ్డంగా ఇంకో పైపు అతికిస్తే ఎంత మొరటుగా నడిపినా తట్టుకుంటుంది. చలికాలంలోనే గిరాకీ. గాలికి ఇసుక లోపలికి కొడుతుందని షట్టరు సగం దించి పని చేసేవాళ్ళం.

మళ్ళీ శనివారం మళ్ళీ జ్వరం. ఆ పై శనివారం కూడా. దగ్గర్లోని క్లినిక్‌లో మలయాళీ డాక్టర్ మలేరియా టెస్ట్ చేయించాడు. నెగటివ్. "వైరల్ ఫీవర్ హై" అని యాంటీబయాటిక్ రాసిచ్చాడు. మర్నాటికి తగ్గింది. మందు పనిచేసిందనుకున్నాను. వారం తిరిగేసరికి మళ్ళీ అదే వణుకు.

అప్పుడు నాకు శుక్రవారం మీద అనుమానం వచ్చింది. మాకు సెలవు ఆ ఒక్కరోజే. ఆరోజు వంట నా రూమ్మేట్ లింబాద్రిది. ఆర్మూర్ దగ్గరివాడు, బిల్డింగులకు పెయింట్ వేసే పని. నాకంటే ఆరేళ్ళు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. శుక్రవారం మటన్ వండితే ఇద్దరం ఒకే గిన్నెలోంచి తినేవాళ్ళం. కానీ జ్వరం నాకొక్కడికే. పైగా నెల కిందనే అడిగాడు, "మా బామ్మర్దికి వెల్డింగ్ వచ్చు తమ్మీ, మీ షాపుల జాగ ఉంటే చెప్పు" అని. జాగ లేదన్నాను. నేను మంచం పడితే జాగ దానంతటదే వస్తుంది కదా! ఈ ఆలోచన ఒక్కసారి తలలోకి వచ్చాక ఇక పోలేదు. అతను ఉప్పు వేస్తుంటే చెయ్యి చూసేవాణ్ణి. నీళ్ళ సీసా నా పెట్టెలో దాచుకునేవాణ్ణి.

ఒక శుక్రవారం కంచం పక్కకు నెట్టాను.

"ఏమాయె తమ్మీ, తినవా?"

"ఆకలి లేదు."

"మల్ల కార్నర్ హోటల్ల పరోటా తింటుంటే చూసిన. నా వంటకేమైంది?"

"నువ్వేం కలుపుతున్నవో నీకే తెల్వాలె."

లింబాద్రి నా ముఖంలోకి చూశాడు. నా కంచం లాక్కుని, నాకు పెట్టిందంతా మెతుకు మిగలకుండా తిన్నాడు. సాయంత్రానికి బట్టలు సర్దుకుని పక్క రూముకు మారిపోయాడు.

మర్నాడు శనివారం. అతని వంట ముట్టకపోయినా జ్వరం వచ్చింది.

సిగ్గేసింది. కానీ పోయి తప్పయిందని చెప్పలేదు. అనుమానం ఇంకోవైపు తిరిగింది. క్లినిక్ డాక్టర్ ఈసారి, "ఎక్స్‌రే తీద్దాం. టీబీ రూల్ అవుట్ చేయాలి" అన్నాడు. టీబీ తేలితే వీసా మెడికల్‌లో అన్‌ఫిట్ కొట్టి ఇంటికి పంపేస్తారని రూముల్లో అందరూ చెప్పుకునేదే. ఈయన మా కంపెనీకి ఫోన్ చేస్తాడేమోనని భయపడి, ఎక్స్‌రే తీయించకుండానే బయటికొచ్చేశాను. నేను చేసిన తప్పులన్నిటిలోకీ పెద్దది ఇదే.

తర్వాతి శనివారం మూడు ఫ్రేములు ఒకేసారి వచ్చాయి. బయట ఇసుక గాలి. షట్టరు పూర్తిగా దించి పొద్దంతా వెల్డింగ్ చేశాను. పైపు మీది నల్ల పెయింటు కాలి తెల్లటి పొగ కమ్ముకుంది. పెయింటే కదా అనుకున్నాను. సాయంత్రం రూములో ఊపిరి సగంలో ఆగిపోతున్నట్టయింది. దగ్గు విని పక్క రూములోంచి లింబాద్రి వచ్చాడు. నన్ను చూసి, ఎవరినో బతిమాలి పికప్ తెప్పించి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. దారి పొడుగునా నా వీపు పట్టుకునే కూర్చున్నాడు.

ఆక్సిజన్ పెట్టారు. ఎక్స్‌రేలో రెండువైపులా షాడో ఉందన్నారు. ఇక అయిపోయింది, టీబీయే అనుకున్నాను. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్ద వయసు డాక్టరమ్మ ఫైలు మూసి నా పక్కన స్టూలు వేసుకుంది.

"జ్వరం ఏ రోజు వస్తుంది?"

"శనివారం, మేడం. శుక్రవారం తిండి వల్లనేమో అని..."

"శుక్రవారం సంగతి వదిలెయ్. శనివారం ఏం పని చేస్తావ్?"

అంతకుముందు ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. పైపులు అతకడం, తెల్ల పొగ, అంతా ఇప్పుడు చెప్పాను. ఆమె వెంటనే, "ఆ పైపు జీఐ పైపా, జింకు పూతదా?" అంది. కాదు, నల్ల పైపన్నాను. "ఎవరితోనైనా గీకించి చూడు" అంది.

లింబాద్రి వర్క్‌షాపుకు పోయి ఒక ముక్క తెచ్చాడు. బ్లేడుతో నల్ల పెయింటు గీకితే కింద తళతళలాడే జింకు పూత. బిల్డింగులకు కట్టే పాత స్కాఫోల్డింగ్ పైపు అది.

"మెటల్ ఫ్యూమ్ ఫీవర్" అంది డాక్టరమ్మ. "జింకు కాలిన పొగ పీలిస్తే వచ్చే జ్వరం. రోజూ పీలిస్తే ఒంటికి కొంచెం అలవాటవుతుంది. ఒకరోజు సెలవిస్తే ఆ అలవాటు పోయి, మళ్ళీ మొదటిరోజే పట్టుకుంటుంది. ఈసారి ఎక్కువ పీల్చావు, ఊపిరితిత్తులు వాచి న్యుమోనైటిస్ అయింది. టీబీ కాదు." స్టెరాయిడ్ ఇచ్చారు. ఆరోరోజు డిశ్చార్జ్ చేశారు. నెల తర్వాత ఎక్స్‌రే క్లియర్ వచ్చింది.

ఓనర్‌ని, మేం అర్బాబ్ అంటాం, అడిగాను. పెయింటు తుప్పు పట్టకుండా వేయించామన్నాడు. జింకు పూత ఉన్న పైపుకు తుప్పేంటని అడిగితే, "పాలు తాగు, తగ్గుతుంది" అన్నాడు. జింకు పొగకు పాత వెల్డర్లు చెప్పే చిట్కా అదేనని తర్వాత తెలిసింది. దాచడానికే వేయించాడా, నిజంగా తెలియదా, నాకు ఇప్పటికీ తేలలేదు. పూత లేని కొత్త ఎమ్మెస్ పైపు, మాస్కు, ఎత్తిన షట్టరు లేకపోతే పని చేయనన్నాను. గిరాకీ ఉంది కాబట్టి ఒప్పుకున్నాడు.

లింబాద్రి రూముకు పోయి, "అన్నా, తప్పయింది" అన్నాను.

"అనుమానం ఎవలకైనా వస్తది తమ్మీ. అడుగుతే చెప్పకపోదునా?" అన్నాడు. చాయ్ పోశాడు. కానీ మళ్ళీ నా రూముకు మారలేదు. నేనూ రమ్మని గట్టిగా అడగలేకపోయాను.

ఇప్పుడు కోరుట్లలో గేట్లు, గ్రిల్స్ చేసే చిన్న షాపు నడుపుతున్నాను. పని ఆరుబయటే. మెట్లెక్కితే కొంచెం ఆయాసం వస్తుంది, అంతే. గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్ళకు ఒక్కమాట. డాక్టర్ దగ్గరికి పోతే జ్వరం ఎంతుందో చెప్పి ఊరుకోకండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీ చేతులు దేన్ని ముడుతున్నాయో, మీ ముక్కు దేన్ని పీలుస్తోందో అడగకముందే చెప్పండి. మీకు పేరు తెలియకపోతే ఒక ముక్క జేబులో వేసుకుని పోయి ఆయన బల్ల మీద పెట్టండి.