ఎర్ర జెండా చేను

తోడికోడలు దేవక్కను చూస్తే మద్దమ్మకు కడుపు మండడం కొత్త కాదు. ఆ చిన్నకోడలు కాపురానికి వచ్చిన నాటి నుంచీ అత్తగారి కమ్మలు మొదలుకొని నీళ్ల కొళాయి దాకా ఏదైనా ముందు దేవక్క గడపే తొక్కేది. కోసిగి దగ్గర ఇద్దరి వేరుశనగ చేలకూ మధ్య ఒక్క గట్టే అడ్డం. ఈ ఏడు రెండు చేలూ ఒకేలా పసుపు తిరిగాయి. మద్దమ్మకు అదొక్కటే ఊరట.

ఎమ్మిగనూరు నుంచి పంటల పరిశోధన చేసే మధుసూదన్ సారు వచ్చాడు. నేలలో మెగ్నీషియం చాలక ఆకు ఎండతో తిండి వండుకోలేకపోతోందన్నాడు. లాంథనమనే అరుదైన లోహం చిటికెడు తగిలితే ఆకలిగొన్న ఆకు పచ్చబడుతుందేమో చూద్దామని మద్దమ్మ చేలో తెల్ల జెండా పాతాడు. దేవక్క చేలో ఎర్ర జెండా పాతాడు. అక్కడ మోతాదు చాలా ఎక్కువ.

"ఎక్కువైతే మాడొచ్చమ్మా. అదీ తెలియాలి కదా. పంట పోతే కాయలు మేమిస్తాం" అని దేవక్కకు చెప్పాడు.

మద్దమ్మ నమ్మితే కదా! మాడేదైతే అంత మందు ఎవరు పోస్తారు?

"దానికి బిందెడు, నాకు చెంచాడా సార్?" అంది. ఆయన నవ్వేశాడు. ఆ నవ్వుకి ఆమెకు అన్నం సయించలేదు.

మందు కొట్టే రోజు పొద్దున్నే పోయి జెండాలు మార్చేసింది. కూలీలు జెండాలు చూసి కొట్టి పోయారు. వాళ్లు అటు పోగానే మళ్లీ ఎక్కడివక్కడ పాతింది.

కొన్ని వారాలకు దేవక్క చేను కళ్లు చెదిరేలా పచ్చబడింది. మద్దమ్మ చేలో ఆకులు మాడి, చెట్లు గిడసబారాయి. ఇక గుంటూరు మిరప కోతలకు వలస పోవాల్సిందే. ఎవరితో చెప్పుకుని ఏడుస్తుంది?

సారు వచ్చి బిత్తరపోయాడు.

"ఎక్కువ మోతాదే పనిచేసిందే! వచ్చే ఏడు ఊళ్లో అందరి చేలకూ ఇదే కొడదాం" అని, దేవక్కను చేలో నిలబెట్టి ఫోటో తీయబోయాడు.

ఊరి చేలన్నీ మాడతాయని మద్దమ్మకు తెలుసు. అయినా సిగ్గుతో నాలుగడుగులు వెనక్కి జరిగింది. దేవక్క కొంగు సర్దుకుని ఫోటోకు నవ్వింది. అది మాత్రం మద్దమ్మ తట్టుకోలేకపోయింది.

"ఆగు సార్! ఆ పచ్చ నాది!" అని అరిచింది. "జెండాలు నేనే మార్చినా. దాని చేలో పడింది నా చెంచాడు మందు. నీ బిందెడు నా చేలో పడి మాడిపోయింది, సూడు!"

దేవక్క గట్టుకు అవతల మాడిన చేను వైపు చూసింది.

"ఇస్తామన్న కాయలు మా అక్కకే ఇయ్యండి సార్. పాపం, మాడింది ఆమె చేనే కదా" అంది.

మద్దమ్మ కడుపు మళ్లీ భగ్గుమంది. చివరికి మంచిదనే పేరు కూడా దానికే పోయింది.