ఎర్రయ్యతో నాగావళి మొగ దాకా

నాగావళి సముద్రంలో కలిసే చోటు, ఆ మొగ, చూడాలని చాలాకాలంగా అనుకుంటూ వచ్చాను. బొబ్బిలి చుట్టుపక్కల బళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా సాంఘికశాస్త్రం చెప్పాను. తూర్పు కనుమల్లో పుట్టి బంగాళాఖాతంలో కలిసే నదుల పేర్లు పిల్లల చేత వల్లె వేయించాను. కొండల్లోని గెడ్డలు, అంటే వాగులు, ఏటిలో కలవడం చూశాను కానీ, ఆ ఏటి చివర మాత్రం నేనూ చూడలేదు. కిందటేడు రిటైరయ్యాను. ఈ మే నెలలో ఒక బుధవారం, చేతిసంచీ ఒక్కటి తీసుకుని బయలుదేరాను.

ఆరున్నరకే బొబ్బిలి స్టేషన్‌కు చేరాను. గుజరాత్ నుంచి రాయగడ మీదుగా వచ్చే బండి గంట పైగా ఆలస్యంగా వచ్చింది. శ్రీకాకుళం రోడ్డుకు టికెట్టు తీసుకుని జనరల్ పెట్టె ఎక్కాను. లోపల సగం మంది శ్రీకాకుళం తీరపు మత్స్యకారులు. గుజరాత్ సముద్రం మీద వేట సీజను ముగిసి ఇళ్ళకు వస్తున్నారు. రెండు రాత్రులు కూర్చునే వచ్చినవాళ్ళ ముఖాలు వాడిపోయి ఉన్నాయి.

కిటికీ పక్కనున్న మనిషి కాస్త జరిగి చోటిచ్చాడు. ముప్పై దాటినట్టున్నాడు. అరచేతుల్లో తాడు కోసిన పాత గాట్లు. పేరు ఎర్రయ్య అన్నాడు. నేను బడిపంతుల్నని, నాగావళి మొగ చూడబోతున్నానని తెలిసిన దగ్గర్నుంచి "మేస్టారూ" అనడం మొదలుపెట్టాడు. అతని కాళ్ళ దగ్గర ఒక సంచీ ఉంది. ఒళ్ళో ఇంకొకటి, నీలం రెగ్జిన్ సంచీ, రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

తొమ్మిదింటికి విజయనగరం. ఇంజన్ విప్పి రెండో వైపు తగిలించడానికి అరగంట పట్టింది. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీలు కొనుక్కున్నాను. ఎర్రయ్యకు ఒక పొట్లం ఇస్తే వద్దన్నాడు, టీ ఒక్కటే తాగాడు. అప్పుడు కూడా ఆ సంచీ కింద పెట్టలేదు.

"పైన పెట్టుకోవచ్చు కదా" అన్నాను.

"ఇది నాది కాదు మేస్టారూ. మా బావది."

"బావ ఏ పెట్టెలో ఉన్నాడు?"

అతను సంచీని ఇంకాస్త దగ్గరికి లాక్కుని కిటికీ వైపు తిరిగాడు.

చీపురుపల్లి దాటాక పడమటి కొండలు వెనక్కి జరిగాయి. రెండు పక్కలా ఎండిన వరి మళ్ళు, ఎర్రమట్టి గట్లు, తాటిచెట్లు. మాట కలపడానికి, అంత దూరం పోవడమెందుకు, మన సముద్రం లేదా అన్నాను. జవాబు నాకు తెలుసు. అయినా అడిగాను.

"ఉన్నాది. బోటు ఎక్కడ కడతాం? కెరటం ఒడ్డుకొచ్చీసి కొడతాది. తెప్పేసుకుని పోతే ఆ పూట కూరకొస్తాది. అక్కడైతే జెట్టీ ఉన్నాది, నెలకింతని సేటు ఇస్తాడు" అన్నాడు.

అతను చెప్పింది నిజం. మన తీరం తిన్నగా ఉంటుంది. పెద్ద బోటు దాగడానికి ఒక మడత ఉండదు. నదులు తెచ్చిన ఇసుక రేవుల్ని పూడ్చేస్తుంది. ఒడ్డు దాటిన కొద్ది దూరానికే సముద్రం లోతైపోతుంది. గుజరాత్ వైపు నేల సముద్రంలోకి చొచ్చుకుపోయి, వెనక్కి ముడుచుకుని రేవులనిస్తుంది. నీళ్ళ కింద కూడా చాలా దూరం మెరకగా సాగుతుంది. చేప మేసేది ఆ మెరక మీదే, వల ఈడ్చేదీ అక్కడే. అందుకని ఈ ఒడ్డు మనుషులు దేశాన్ని అడ్డంగా దాటి ఆ ఒడ్డుకు పోతారు. ఇదంతా నేను క్లాసులో రెండు మార్కుల ప్రశ్నగా చెప్పేవాణ్ణి.

పొందూరు దగ్గరపడుతుండగా ఎర్రయ్య తనంతట తనే చెప్పాడు. బావ పేరు దానయ్య. ఎర్రయ్య అక్క పోలమ్మకు మొగుడు. ఇద్దరూ ఒకే బోటులో పనిచేశారు. తొమ్మిది రోజుల క్రితం, తెల్లవారుజామున వల లాగుతుంటే తాడు తెగి దానయ్య కాళ్ళకు చుట్టుకుని సముద్రంలోకి లాగేసింది. ఎర్రయ్య అవతలి చివర ఉన్నాడు. పరిగెత్తేసరికి మనిషి లేడు. ఆ రోజంతా నాలుగు బోట్లు వెతికాయి. మర్నాడూ వెతికాయి. దొరకలేదు.

"ఇంట్లో తెలుసా?"

"జొరమొచ్చింది, ఆస్పత్రిలో ఉన్నాడని ఫోన్‌లో సెప్పినాను. ఏటి సెయ్యాల మేస్టారూ, నోరు రానేదు."

దూసి దగ్గర బండి నాగావళి వంతెన ఎక్కింది. కింద అంతా ఇసుక. ఒక పక్కగా సన్నటి నీటి పాయ. ఏరు చూద్దామని బయలుదేరినవాణ్ణి, ఆ రెండు నిమిషాలూ సరిగా చూడలేదు. వంతెన దాటాక ఎర్రయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"మీరు ఆ మొగకే ఎల్తన్నారు గదా. మా ఊరు ఆ పక్కనే. మిగతావోళ్ళు పలాస దాకా పోతారు. నాతో రాండి మేస్టారూ. ఒక్కణ్ణీ ఎల్లలేను."

పరాయివాణ్ణి, నేనెందుకు అనుకున్నాను. కానీ వద్దని చెప్పలేకపోయాను.

పదకొండుంపావుకు ఆమదాలవలసలో దిగాం. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఉన్నది అక్కడే. బస్సులో శ్రీకాకుళం, అక్కడి నుంచి షేర్ ఆటో. ఆటోలో మాతో పాటు ఖాళీ చేపల గంపలతో ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కారు. వాళ్ళు పలకరిస్తారేమోనని ఎర్రయ్య తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు. సరుగుడు తోటలు దాటి, ఇసుక దారిలో దిగేసరికి ఒంటిగంట కావస్తోంది. ఆ ఊరి పేరు రాయను. పోలమ్మ వద్దంది.

ఆమె ఇంటి ముందు ఎండబెట్టిన చేపల్ని తిరగేస్తోంది. తమ్ముణ్ణి చూసి లేచింది. "బేగొచ్చీసినావేటిరా? మీ బావ ఏడీ?" అంది. అంతలో ఆమె చూపు సంచీ మీద పడింది.

ఆటోలో ఎర్రయ్య పెదవులు కదుపుతూ మాటలు కూర్చుకోవడం నేను చూశాను. అవేవీ బయటికి రాలేదు. ఉన్నచోటే ఇసుకలో కూలబడ్డాడు. ఆమె నా వైపు చూసింది. ఇక నేనే చెప్పాలి.

"అమ్మా, దానయ్య ఇక రాడు. సముద్రంలో పోయాడు."

"నువ్వెవులు బాబూ?" అంది ఆమె.

ఆమె సంచీ తీసుకుని గడపలో కూర్చుంది. రెండు చొక్కాలు, లుంగీ, దువ్వెన, మాత్రల పట్టీ, తనకోసం కొన్న కొత్త చీర ఒక్కొక్కటే తీసింది. చీర మడత విప్పకుండా పక్కన పెట్టింది. చొక్కా ముఖానికి ఆనించుకున్నాక ఆమె గొంతు లేచింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఎర్రయ్య తల ఎత్తకుండా, "అప్పా, నాను పట్టుకోనేకపోనాను" అని అదే మాట అంటూ ఉన్నాడు. చాలాసేపటికి ఆమే లేచి వచ్చి తమ్ముడి తల మీద చెయ్యి వేసింది.

మూడు దాటింది. నేను వెళ్ళబోతుంటే పోలమ్మ పిలిచింది. నేను పంతుల్నని ఎర్రయ్య చెప్పినట్టున్నాడు.

"మేస్టారూ, ఆ సముద్రం మనదానికన్నా లోతా?"

అబద్ధం చెప్పాలని తోచలేదు. "లేదమ్మా. మనదే లోతు. అక్కడ చాలా దూరం మెరకే" అన్నాను.

"లోతు నేని నీల్లల్లోనా పోనాడు" అంది మెల్లగా. నేను ఆ మాట అనకుండా ఉండాల్సిందని అప్పుడు తెలిసింది.

నాలుగింటికి మొగ దగ్గరికి నడిచాను. ఆ ఊరి నుంచి అరగంట నడక. చూడదలచినవారు వానాకాలం తర్వాత వెళ్ళండి, ఉదయం పూట వెళ్ళండి. తాగడానికి నీళ్ళు పట్టుకెళ్ళాలి, నీడ లేదు. నేను చూసిన రోజున ఏరు సముద్రంలో కలవడం లేదు. మొగకు అడ్డంగా ఇసుక దిబ్బ మేట వేసింది. ఇవతల పచ్చబడిన నీళ్ళు కదలకుండా ఉన్నాయి, అవతల కెరటాలు విరుగుతున్నాయి. ముప్పై ఏళ్ళుగా చూద్దామనుకున్నది అదే. పది నిమిషాలు నిలబడి తిరిగి వచ్చేశాను.

రాత్రికి శ్రీకాకుళం బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. మర్నాడు ఏడున్నర బస్సుకు ఆమదాలవలస వచ్చి, విజయనగరం పోయే పాసింజరు ఎక్కాను. బొబ్బిలికి అక్కడ బండి మారాలి. పొందూరులో ఫోన్ మోగింది. నిన్న ఆటోలో రాసుకున్న ఎర్రయ్య నంబరు. మాట్లాడింది పోలమ్మ. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"మేస్టారూ, ఆ నీల్లు లోతు నేదన్నారు గదా. ఈడు ఆ సోటు సూపిత్తానంటన్నాడు. నాను దిగి ఎతుకుతాను."

నెమ్మదిగా చెప్పాను. "అమ్మా, మెరకంటే మన సముద్రంతో పోలిస్తే మెరక. మనిషి దిగే లోతు కాదు. అక్కడా ఎన్నో నిలువుల లోతుంటుంది. నిన్న నేను సరిగా చెప్పలేదు."

ఆమె ఎర్రయ్యను ఏదో అడగడం వినిపించింది.

"అయితే ఒడ్డున నిలబడి సూత్తాను. ఆగస్టులో ఈడు మల్లీ ఎల్తాడట. ఎల్లొద్దంటే ఇక్కడేటి సెయ్యమంటావంటన్నాడు. ఈడితో నానెల్లి ఒక్కపాలి సూసొస్తాను. నాకు బాస రాదు, ఈడు బోటెక్కీసి పోతాడు. మీరొత్తారా?"

వస్తానన్నాను.

విజయనగరంలో బండి మారాను. కాసేపటికి కిటికీలో మళ్ళీ కొండలు కనిపించాయి. ఈ నేల వాలు తూర్పుకు. కొండల మీద పడిన వాన, కోసుకుపోయిన మట్టి, ఏరు తెచ్చిన ఇసుక అన్నీ అటే పోతాయి. ఆ ఇసుక ఒడ్డున పుట్టిన మనుషులు మాత్రం బతకడానికి పడమటికి పోతున్నారు. పోయినవాళ్ళందరూ తిరిగి రావడం లేదు.

పన్నెండింటికి బొబ్బిలిలో దిగాను. ఆగస్టు టికెట్లు ఇంకా ఇవ్వరు. అయినా ఇంటికి వెళ్ళకుండా రిజర్వేషన్ కౌంటరు దగ్గర ఫారం తీసుకున్నాను. నా పేరు, ఎర్రయ్య పేరు రాశాను. పోలమ్మ పేరు పక్కన వయసు రాయాలి. అది నాకు తెలియదు. ఎర్రయ్యకు ఫోన్ చేశాను.

"ముప్పై ఆరు, మేస్టారూ" అన్నాడు.